సారె మన్ను

మా అమ్మ చెయ్యి మంచిదని కోసపాళయంలో మా వీధి మొత్తం నమ్మేది. ఎవరింట్లో టెంకాయ మొక్క పెట్టాలన్నా ముందు మా ఇంటికి కబురొచ్చేది. తమిళం వాళ్ళు కైరాశి అనేవాళ్ళు, మనవాళ్ళు హస్తవాసి అనేవాళ్ళు. ఏ మాట అన్నా పిలిచేది అమ్మనే. కిరుమాంబాక్కం నర్సరీ నుంచి మొక్క వచ్చి పెరట్లో పడి ఉండేది, గుంట తవ్వి ఉండేది, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఉండేవాళ్ళు. అమ్మ తలస్నానం చేసి వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కారు.

ఇది అమ్మకు ఎంత పెద్ద సంగతో చెప్పాలి. నాకు తొమ్మిదో ఏట నాన్న పోయాడు. అప్పట్నుంచి పెళ్ళిళ్ళలో అమ్మ చోటు వెనక వరసలో, గోడ పక్కన. పసుపు దంచేటప్పుడు పిలిచేవాళ్ళు కారు, హారతి పట్టేటప్పుడు పిలిచేవాళ్ళు కారు. కూరగాయలు తరిగేటప్పుడు మాత్రం అందరికీ గుర్తొచ్చేది. పెళ్ళికూతురికి ఎదురు రాకూడని మనిషి, పచ్చని మొక్కకు మాత్రం ఆమే ఎదురు రావాలి. ఇదేం న్యాయం అని నాకు ఆ వీధి మీద చిన్నప్పట్నుంచే మంట. అమ్మకు అలాంటిదేమీ లేదు. మొక్క పెట్టడానికి పిలుపు వచ్చిన రోజున ఆమె నడక వేరుగా ఉండేది. ఉతికి మడత పెట్టిన నేత చీర తీసి కట్టుకుని, వీధి మధ్యలోంచి నడిచేది.

ఒట్టి చేతులతో పోయేది కాదు. మా పెరట్లో మా నాయనమ్మ పెట్టిన టెంకాయ చెట్టు ఉండేది. దాని మొదట్లోంచి ఒక గిన్నెడు మన్ను తీసి, జల్లెడ పట్టి, చిటికెడు పసుపు కలిపి, కొంగు కప్పి తీసుకుపోయేది. ఆ మన్ను గుంటలో వేశాకే మొక్కను దించేది.

"కొత్త మొక్కంటే కొత్త కోడలే గదా. పుట్టింటి మన్ను లేకుంటే యాడ నిలబడతాది?" అనేది.

అంతటితో అయిపోయేదా అంటే అదీ లేదు. ఏటా తమిళం వాళ్ళ ఆడి నెలలో, ఆడపిల్లలకు పుట్టింటి నుంచి సారె పోయే రోజుల్లో, అమ్మ తాను పెట్టిన చెట్లన్నిటికీ సారె పట్టుకుపోయేది. అదే మన్ను. ఇంటివాళ్ళు చెట్టు చుట్టూ పాది తీసి, బూడిద, రాళ్ళ ఉప్పు సిద్ధంగా పెట్టుకునేవాళ్ళు. ముందు అమ్మ పిడికెడు మన్ను వేర్ల మీద వేసి, చెట్టును అరచేత్తో రెండుసార్లు తట్టేది. ఆ తర్వాతే మిగతావన్నీ. ఈ పద్ధతి వేరే ఎక్కడా నేను చూడలేదు. వాళ్ళ అమ్మ చేసేదని అమ్మ చెప్పేది.

నేను ఒక కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబులో సహాయకురాలిని. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగినవాళ్ళకు ఇప్పటిదాకా ఒక్కరికీ మర్యాదగా జవాబు చెప్పలేదు. ఇరవై ఏళ్ళకు పైగా నా పని ఆకులు కడగడం. చెట్టు మీద నిగనిగలాడే ఆకు తెస్తాం, మచ్చ కూడా ఉండదు. దాన్ని కుళాయి కింద కడిగి, స్పిరిట్లో ముంచి, బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, మళ్ళీ శుభ్రమైన నీళ్ళలో కడుగుతాం. పైన అంటుకున్న బూజు ఏదైనా ఉంటే అంతటితో చస్తుంది. తర్వాత గోరంత ముక్కలు కోసి గాజు పళ్ళెంలో, బూజు పెరగడానికి పోసిన మేత మీద పెట్టి మూత వేస్తాం. వారం తిరిగేసరికి ముక్కల అంచుల్లోంచి తెల్లగా, బూడిద రంగుగా పోగులు బయటికొస్తాయి. అవి పైనుంచి వచ్చినవి కావు, ఆకు లోపల కాపురం ఉన్నవి. ఏ ఆకు తెచ్చినా అంతే. మా సారు చెప్పేవాడు, వీటిలో కొన్ని చెట్టుకు మేలు చేస్తాయని, వేరే తెగుళ్ళను లోపలికి రానివ్వవని, కొన్ని మాత్రం చెట్టు నీరసించేదాకా చప్పుడు లేకుండా ఉండి అప్పుడు మీద పడతాయని.

ఇదంతా ఒకరోజు అన్నం తింటూ అమ్మకు చెప్పాను.

"లోపల బూజుంటే ఆకు చావదా?" అని అడిగింది.

"చావదు. దాని పాటికి అదుంటాది, ఆకు పాటికి ఆకుంటాది."

"మనం ఈ ఇంట్లో ఉండామే, అట్ల" అంది అమ్మ. నాకు నవ్వొచ్చింది. మరుసటి రోజు ఆ మాట సారుకు చెబితే ఆయనా నవ్వాడు.

ల్యాబులో నేను పళ్ళేలు కడిగే మనిషినే. మా వీధిలో మాత్రం పెద్ద శాస్త్రవేత్తను. మల్లె ఆకు ముడుచుకుంటే నాకు చూపించేవాళ్ళు, కరివేపాకు మీద చుక్కలొస్తే నాకు చూపించేవాళ్ళు. తెలిసినా తెలియకపోయినా నేను ఏదో ఒకటి గట్టిగా చెప్పేదాన్ని. తెలియదు అనడం నాకు అలవాటు లేదు. ఆ పొగరు నాకు చాలా ఏళ్ళు బాగా పనికొచ్చింది.

నాలుగేళ్ళ కిందట, ఆడి నెల ఇంకో వారంలో వస్తుందనగా, మా చెట్టు కింది మట్టలు వేలాడి మానుకు అంటుకుపోయాయి. పిందెలు రాలుతున్నాయి. ఒక పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే అమ్మ పెరట్లోంచి పిలిచింది.

"పాపా, ఇట్ల వచ్చి చూడు. చెట్టుకు ఏందో కారతాండాది."

మొదట్లో, నేలకు జానెడు ఎత్తులో, మాను పగులులోంచి ఎర్రగా గోధుమరంగుగా జిగురు కారి ఎండిపోయి ఉంది. నేను వంగి చూడలేదు. చేతిలో బండి తాళం ఉంది, మనసులో బస్టాండు దగ్గరి రద్దీ ఉంది.

"పురుగు. ఎర్రముక్కు పురుగు తొలిస్తే ఇట్లనే కారతాది. సాయంత్రం మందు తెస్తా."

"రంధ్రం కనిపించలేదే."

"లోపలుంటాదిలే."

అమ్మ నా వెనకే వాకిటి దాకా వచ్చింది. "ఈ యేడు సారె ఇయ్యొచ్చునా, వద్దా?" అని అడిగింది. ఆ మాట నాకు బాగా గుర్తుంది. ఆమె నన్ను అడిగింది. అనుమానం వచ్చి, ల్యాబులో పనిచేసే కూతురు ఇంట్లోనే ఉంది కాబట్టి అడిగింది.

"పురుగు మానులో ఉంటే మన్నుకేమైంది? ఇయ్యి" అన్నాను. బండి తీశాను.

సాయంత్రం మందు తెచ్చి పోశాను. పురుగు ఉంటే రంధ్రం ఉండాలి, నమిలి ఉమ్మిన పీచు ఉండాలి. అవి రెండూ లేవు. నేను వెతకలేదు. ఆ ఆడిలో అమ్మ, తాను పెట్టిన చెట్లు మిగిలున్న నాలుగిళ్ళకూ సారె ఇచ్చింది. మరుసటి ఆడికి మా చెట్టు ఇంకా చిక్కిపోయింది, అయినా అమ్మ మళ్ళీ ఇచ్చింది. ఈసారి నన్ను అడగలేదు, ఒకసారి చెప్పాను కదా.

ఆ ఏడు ఐప్పసి నెల వానలు వెలిశాక చెట్టు మొదట్లో పుట్టగొడుగు మొలిచింది. మెత్తటి గొడుగు కాదు, చెక్క లాంటిది. పైన వార్నిష్ కొట్టినట్టు ఎర్రటి మెరుపు, అంచున తెల్లటి చార. దాని చుట్టూ ఆకుల మీద రోజూ కాఫీ పొడి చల్లినట్టు సన్నటి దుమ్ము పడేది. అమ్మ దాన్ని కదిలించకుండా చుట్టూ జాగ్రత్తగా ఊడ్చేది. బాగుంది కదా, పోనీలే అనేది. నేను వంటింటి గుమ్మంలోంచి దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నేను బూజుల మధ్య బతికే మనిషిని. సొంత పెరట్లో నా కళ్ళకేమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడో ఆడికి ముందు ఎదురింటి అత్త నన్ను పిలిచింది. అత్తంటే చుట్టరికం లేదు, అమ్మకూ ఆమెకూ వదినా వదినా అని పిలుచుకునే స్నేహం. వాళ్ళ చెట్టు ఆమె కూతురు పుట్టిన ఏడు అమ్మ పెట్టింది. ఆ కూతురి పెళ్ళిపందిరికి మట్టలు ఆ చెట్టువే. అత్త పెరట్లో వంగి చూశాను, ఈసారి నిజంగా వంగి చూశాను. అదే గోధుమరంగు జిగురు. రంధ్రం లేదు.

ఇంటికొచ్చి మా చెట్టు కింద పుట్టగొడుగు ముక్క కోసి, పేపర్లో చుట్టి సారు బల్ల మీద పెట్టాను, జిగురు సంగతి, సారె సంగతి కూడా చెప్పాను. ఆయన ముక్కను తిప్పి చూసి, పెద్ద పేరు చెప్పాడు. నేలలోంచి వేర్లకు పట్టి, మొదలును లోపల్లోపల కుళ్ళబెడుతుందట. ఇసక నేలల్లో మరీ ఎక్కువట. బయటికి గొడుగు వచ్చిందంటే చెట్టు పనైపోయినట్టేనట.

"రెండేళ్ళ కింద జిగురు కారినప్పుడే చూసుంటే చుట్టూ కందకం తవ్వి మిగతావాటిని కాపాడుకోవచ్చమ్మా. ఆ మన్ను మాత్రం ఎక్కడికీ తీసుకుపోకండి" అన్నాడు.

ఇంటికొచ్చే దారంతా నాలో సిగ్గు ఉడికి ఉడికి కోపమైంది. నా కోపం ఎప్పుడూ అంతే, నా తప్పులోంచి పుట్టి ఎదురుగా ఉన్నవాళ్ళ మీద పడుతుంది. నేను లోపలికి వచ్చేసరికి అమ్మ పెరట్లో పీట మీద కూచుని మన్ను జల్లెడ పడుతోంది. పక్కన పసుపు డబ్బా.

"ఆపు!" అని అరిచాను. "ఆ మన్నులోనే రోగం ఉండాది. నీ చేత్తో నువ్వే వీధంతా పంచినావు. సారె అంట సారె! చెట్లన్నిటికీ చావు పంచిపెట్టినావు."

జల్లెడ ఆగింది. అమ్మ నా మొహంలోకి చూసింది. ఇప్పుడంటుంది, నువ్వే కదా ఇయ్యమన్నావు అని ఇప్పుడంటుంది అనుకున్నాను. అంటే ఏం చెప్పాలో కూడా మనసులో సిద్ధం చేసుకున్నాను. అనలేదు. గిన్నెలో మన్ను తిరిగి చెట్టు మొదట్లోనే పోసింది. కుళాయి దగ్గరికి పోయి మోచేతుల దాకా కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కుంది.

"నాలుగిండ్లు" అంది. అంతే.

మర్నాడు పొద్దున అమ్మ ఆ నేత చీరే కట్టుకుని బయల్దేరింది. ఒక్కో ఇంటికీ పోయి చెప్పి వస్తానంది. నేనూ వస్తాననాల్సింది. తల దువ్వుకుంటూ ఉండిపోయాను. కిటికీలోంచి చూస్తే అమ్మ ఎదురింటి అత్త వాకిట్లో, మెట్టు కిందనే నిలబడి ఉంది. ఎప్పుడూ నేరుగా పెరట్లోకి పోయే మనిషి గడప తొక్కలేదు. ఏదో చెబుతోంది, అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని వింటోంది. మాటలు నాకు వినబడలేదు. ఆ తర్వాత అత్త ఆరేడు నెలలు మాతో మాట్లాడలేదు.

ముందు మా చెట్టు కొట్టించాం. పైన తల పచ్చగానే ఉంది. మొదలు కోసేసరికి లోపల గోధుమరంగుగా మెత్తబడి, వేలితో నొక్కితే పొడి రాలింది. మోడు తవ్వి తీసి కాల్చారు. తర్వాత అత్త చెట్టు, తర్వాత మిగతా మూడు ఒక్కొక్కటే. చెట్లు కోసే మిషను చప్పుడు వినిపించిన రోజున అమ్మ అన్నం తినేది కాదు. నేను బతిమాలేదాన్ని కాదు, కంచం తీసి మూత పెట్టి కాలేజీకి పోయేదాన్ని. బతిమాలడం మొదలుపెడితే మిగతాదంతా చెప్పాల్సి వస్తుందని భయం.

కొన్నాళ్ళకు సారు ఏదో మాటల్లో ఇంకో సంగతి చెప్పాడు. ఆ గొడుగు రాల్చే దుమ్ము గాలిలో కూడా పోతుందట, మన్ను వల్లే అంటుకుందని గట్టిగా చెప్పలేమట. నేను పరిగెత్తినట్టు ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. నీ వల్లే కాకపోవచ్చమ్మా, గాలి వల్ల కూడా కావచ్చు అన్నాను. చెప్పడానికి తేలికగా ఉన్న సగం అది.

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే, "గాలిని ఎవురూ ఇంటికి పిలిచి చెట్టు పెట్టమనలేదు గదా పాపా" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. పురుగన్నది నేను, ఇయ్యమన్నది నేను, నువ్వు అడిగావు కూడా అని. బియ్యం ఏరడం అయ్యాక చెబుదామనుకున్నాను. బియ్యం అయింది, ఎసరు పెట్టడం అయింది, అన్నం తినడం కూడా అయింది.

ఆ తర్వాత అమ్మను ఎవరూ మొక్క పెట్టడానికి పిలవలేదు. పిలిచినా పోయేది కాదు. ఒకసారి వీధి చివరింటి కొత్త కోడలు సంగతి తెలియక కరివేప మొక్క పట్టుకుని వచ్చింది. అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని, "నువ్వే పెట్టుకో తల్లీ, నా చెయ్యి వద్దు" అంది. ఆ పిల్ల బిత్తరపోయి వెళ్ళిపోయింది. మా పెరట్లో చెట్టున్న చోట ఖాళీగానే ఉండిపోయింది. కనీసం ధనియాలు చల్లమని అన్నాను. వినిపించుకోలేదు. ఆమె నేత చీర పెట్టె అడుక్కి పోయింది. నేను ఆమె దగ్గర్నుంచి ఏం లాక్కున్నానో రోజూ ఇంట్లోనే కనిపించేది, నేను రోజూ కాలేజీకి పోయేదాన్ని. ఆకులు కడిగేదాన్ని.

పోయిన పురటాసి నెలలో అమ్మకు గుండె నొప్పి వచ్చింది. కదిర్కామం పెద్దాసుపత్రిలో మూడు రోజులుంది. డాక్టర్లు చేయాల్సిందంతా చేశారు. రెండో రోజు తెలివిలో ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని, "బండి నిదానంగా పోనీ" అంది. అదీ ఒక చెప్పే సమయమే. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు, కోలుకున్నాక చెబుదాంలే అనుకున్నాను. కోలుకోలేదు.

పెద్దకర్మ అయిన మరుసటి రోజు ఎదురింటి అత్త ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వచ్చింది. నా పక్కన కూచుని గ్లాసు చేతికిచ్చి, ఖాళీ పెరటి వైపు చూసింది.

"నీతో ఒక మాట అనాలని చాన్నాళ్ళుగా ఉండాది పాపా" అంది. "చెట్టు పోయినప్పుడు నాకు కోపం వచ్చినాది మీ అమ్మ మీద కాదు, నీ మీద. ల్యాబులో ఇదే పని చేసే పిల్ల, దీనికి తెలీదా, ఒక్క మాట చెప్పుండకూడదా అని. మీ అమ్మ ఆ రోజు వాకిట్లో నిలబడింది చూడు, అప్పుడు అడిగేసినా. మీ అమ్మ నా చేతులు పట్టుకున్నాది. పాపను ఏమీ అనొద్దు వదినా, అది మొదటి యేడే చెప్పినాది మన్ను ఇయ్యొద్దని, నేనే వినలా, పాత అలవాటు అని మొండికి పోయినా అన్నాది. నాలుగిండ్లలోనూ అదే మాట చెప్పినాదంట."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"నీ మాట వినుంటే చెట్లు మిగిలేవి" అంది అత్త. "పోనీలే, పోయిన మనిషిని ఏమనగలం. నువ్వు చెప్పినావు గదా, నీ తప్పేముండాది?"

ఆమె నా మొహంలోకి చూస్తోంది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను.

"అవునత్తా" అన్నాను.

అమ్మ నాలుగు గుమ్మాల ముందు నిలబడి మోసిన అబద్ధాన్ని నేను ఐదోసారి ఖాయం చేశాను. అత్త నా వీపు నిమిరి, ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయింది. ఇప్పటికీ వీధిలో నా మర్యాదకు లోటు లేదు. మొన్న కూడా ఎవరో మందార ఆకు తెచ్చి చూపించారు.

అందుకే ఇదంతా రాశాను. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. తెలుగు అక్షరాలు చదవడం మాత్రం నా చిన్నప్పుడు నాన్న నేర్పితే నాకొక్కదానికే వచ్చింది. ఆ సంగతి తెలిసే తెలుగులో రాశాను.